మంచు పొడిగా ఉంటుందనుకున్నాం

ఇటు రా, కూర్చో. ఫోను పక్కన పెట్టి సరిగ్గా విను, చెప్పింది చెప్పినట్టు రాయి. ఇందాక టీవీలో ఎవరో కొండెక్కుతుంటే "బోరు నానమ్మా, మార్చెయ్" అన్నావు చూడు, అందుకు గుర్తొచ్చింది. బోరే, కాదన్నదెవరు? మా చిన్నప్పుడు చర్చి మిషను కాంపౌండులో అలాంటి సినిమా ఒకటుండేది. నెలకో ఆదివారం మధ్యాహ్నం బడి కిటికీలకు దుప్పట్లు కట్టి పాస్టరుగారు అదే వేసేవారు. దొరలు నడుస్తారు, టీ తాగుతారు, మళ్ళీ నడుస్తారు. అరగంటైనా కొండ ఉన్నచోటే ఉంటుంది. కానీ ఒకడు తాడు పట్టుకుని వేలాడుతుంటే మాత్రం అందరం ఊపిరి బిగపట్టేవాళ్ళం. "ఇంత కష్టపడి ఎక్కితే పైన ఏముందంట అయ్యగారూ, చర్చా?" అని మా మేనత్త అడిగింది. "ఏం లేదమ్మా, మళ్ళీ దిగేస్తారు." "ఇంటికొచ్చినాక ఏం తెచ్చారని పెళ్ళాలు అడగరా వీళ్ళని?" అంది అత్త.

చైనా యుద్ధం వచ్చిన ఏడు, పటాలంలో చేరిన మా పెద్దన్నని మంచుకొండల మీదికి పంపారు. ఉత్తరాల్లేవు. మా నాన్నది ఉప్పుమడుల్లో పని. తెల్లగా కుప్పపడేది ఏదైనా ఉప్పులాగే పొడిగా ఉంటుందని, దులిపితే రాలిపోతుందని మా లెక్క. అందుకే అమ్మ తన నూలుచీరలన్నీ కలిపి ఇంత మందాన బొంత కుట్టి పటాలం అడ్రసుకి పార్శిలు పంపింది. తర్వాత, మంచెట్లుంటుందో చూద్దామని మొదటిసారి ఆ సినిమాకి వచ్చింది. తెరమీద ఒక దొర డేరాలోకొచ్చి, మంచు దులుపుకుని, మేజోళ్ళు విప్పి పిండాడు. నీళ్ళు కారాయి. అన్నిసార్లు చూసిన నేను ఆ ముక్క ఎప్పుడూ పట్టించుకోలేదు, అప్పటికి నిద్రపోయేదాన్ని.

అమ్మ గభాల్న లేచింది. "ఏందయ్యగారూ, ఇది నీళ్ళయిపోద్దా? బొంత తడిసిపోద్దే! బిడ్డ తడిబట్టలో పడుకుంటాడే! వెనక్కి తెప్పించండి." "యాడుండాడో తెలీదు గదమ్మా, ఎట్లా తెప్పించేది? ప్రార్థన చేద్దాం" అన్నారాయన. అమ్మ చేతులు జోడించింది గానీ కళ్ళు మూసుకోలేదు, తెరవైపే చూస్తూ ఉంది. ఆ తర్వాత ప్రతి ఆటకీ ముందు వరసలో ఆమే. పిల్లలం ఆవలిస్తుంటే, ఆమె ఆ మేజోళ్ళ కోసం కాచుకుని కూర్చునేది.

ఎండలు ముదిరాక అన్న వచ్చాడు. కాలివేళ్ళు రెండు లేవు. పార్శిలు అందనే లేదన్నాడు. "పోనీలేరా, మంచిదైంది" అని నవ్వింది అమ్మ. కాసేపటికి వంటింట్లోకి పోయి ఏడ్చింది, మరి అన్నాళ్ళూ ఏం కప్పుకున్నాడో అని. రోజులు ఇట్టే గడిచిపోతాయంటాం గానీ, అమ్మకి ఆ చలికాలం గడవలేదురా, ఇప్పటికీ నాకు ఆమె ఆ తెరముందే కూర్చుని... అదుగో, మీ అమ్మ పిలుస్తోంది. ఆ, వస్తున్నానమ్మాయ్, అన్నం పెట్టెయ్.