స్టాఫు బాత్రూము తాళంచెవి

బడిలో ఆవిడను అందరూ కప్ప టీచర్ అనేవారు. కొత్తలో ల్యాబు డబ్బా మూత సరిగా పెట్టకపోవడంతో కప్ప ఒకటి గెంతి హెడ్‌మిస్ట్రెస్ ఒళ్లో కూర్చుంది. ఇక పేరు మార్చడం ఎవరి తరమూ కాలేదు. ఆవిడా నొచ్చుకోలేదు.

ఒకనాడు ఆటల పీరియడులో తొమ్మిదో తరగతి అమ్మాయి కళ్లు తిరిగి పడిపోయింది. పొట్టి జుట్టుది, పరుగులో ఎవరికీ అందనిది. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"పొద్దుట్నించి నీళ్లు తాగావా?" అంది కప్ప టీచర్.

"తాగితే బాత్రూముకి వెళ్లాలి కదా టీచర్."

బుజ్జగించగా బుజ్జగించగా సంగతి బయటపడింది. తనకు తరగతిలో ఒక అమ్మాయంటే ఇష్టమని స్నేహితురాలిని నమ్మి చెప్పుకుంది. ఆ స్నేహితురాలే ఊరంతా చాటింది. ఇప్పుడు ఈ పిల్ల బాత్రూములో అడుగుపెడితే చాలు, "అమ్మో, మొగుడొచ్చాడే! మన వంకే చూస్తాడే!" అంటూ అందరూ కేకలు పెట్టి బయటికి పరుగులు.

"ఇంక బడికి రాను టీచర్. నాకు చదువు రావట్లేదని అమ్మకి మీరే చెప్పండి."

ముందు ఒంట్లోకి నీళ్లు పోవాలి, మిగతాది తర్వాత అనుకుని టీచర్ స్టాఫు బాత్రూము తాళంచెవి పిల్ల చేతిలో పెట్టింది. పెద్ద ఘనకార్యం చేశానని మురిసిపోయింది కూడా.

మర్నాడు వరండాలో గుసగుసలు చెవిన పడ్డాయి. "చూశావా, మనతో కలవనివ్వట్లేదు. అంటే టీచర్లకీ భయమేనన్నమాట."

ఆవిడ నాలుక కరుచుకుంది. పిల్లలు నోటితో అన్నదాన్ని తాను తాళం వేసి మరీ ఖాయం చేసింది.

మధ్యాహ్నం స్టాఫురూములో లెక్కల టీచర్‌ను పట్టుకుంది. "అక్కా, రేపట్నించి మనమూ పిల్లల బాత్రూముకే వెళ్దాం."

"నీకేమైనా పిచ్చా? అక్కడ గడియలే పడవు."

"మనం వెళితే పడతాయి."

లెక్కల టీచర్ ముఖం చిట్లించినా, "నిజమేలే. మనం తొంగిచూడం కనకే అక్కడ వాళ్లు ఆడింది ఆట," అంది. హెడ్‌మిస్ట్రెస్ నసిగి నసిగి ఒప్పుకుంది.

ఆ తర్వాత కప్ప టీచర్ పాఠం పక్కన పెట్టి, ఎవరి పేరూ ఎత్తకుండా తరగతిలో చెప్పింది. "అమ్మాయికి అమ్మాయి నచ్చడం జబ్బు కాదు, తప్పూ కాదు. ఒక మనిషిని నీళ్లు తాగడానికి భయపడేలా చేయడం మాత్రం తప్పే. ఇకమీద అలా ఏడిపించినవాళ్లు, అమ్మానాన్నలతో వచ్చి నాకు జవాబు చెప్పాలి."

వెనక బెంచీ నుంచి ఒకతి లేచింది. "మరి మా వంక చూస్తే, టీచర్?"

"నీకు కనిపించిన ప్రతి అబ్బాయీ నచ్చుతాడా?"

"ఛీ! మన క్లాసువాళ్లా?"

అబ్బాయిలు గోలపెట్టారు. "అమ్మాయిలు నచ్చే అమ్మాయిలూ అంతే మరి," అంది టీచర్. "అందరికీ నచ్చేయడానికి మనమేం అంత అందగత్తెలం కాం."

తరగతి గొల్లుమంది. పొట్టి జుట్టు పిల్ల మాత్రం బెల్లయ్యాక తలుపు దగ్గర ఆగింది. "నాకు ఎప్పటికీ ఇలాగే ఉంటే, టీచర్?"

"ఉంటే ఉండనీ. నీతోపాటు నేనూ ఉంటాగా ఇక్కడ."

వారం తిరక్కుండానే కొత్త గడియలు వచ్చాయి. ఆ పిల్ల బాత్రూములోకి వచ్చేసరికి, వరసలో లెక్కల టీచర్ వెనక కప్ప టీచర్ నిలబడి ఉంది. ఇద్దరు అమ్మాయిలు మూతి ముడుచుకుని బయటికి పోయారు. పాత స్నేహితురాలు మాత్రం కదల్లేదు. తల వంచుకుని కుళాయి దగ్గరే చేతులు రుద్దుకుంటూ ఉండిపోయింది.

"త్వరగా కానీవే, బెల్లు కొట్టేస్తారు," అంది చివరికి, ఆ పిల్ల చేతులు కడుక్కోవడానికి వస్తే, తలెత్తకుండానే.

"నువ్వు జరిగితే కదా!"

జరిగింది.