కొంగు మీద కనకాంబరాలు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నీళ్ళను నెయ్యికంటే జాగ్రత్తగా వాడేవాళ్ళం. తనకల్లు దగ్గరి మెట్ట ఊరు మాది. స్నానం చేసిన నీళ్ళు కూడా ఊరికే పోనిచ్చేవాళ్ళు కాదు. పెరట్లో ఆ నీళ్ళు పారే చోట మా అవ్వ, అంటే మా నాయన తల్లి, కనకాంబరం చెట్లు పెంచింది. సాయంత్రమైతే పూలు కోసుకొచ్చి, గడపలో కూర్చుని మాలకట్టి, ఇంట్లో ఆడవాళ్ళందరికీ తుంచి ఇచ్చేది. తను మాత్రం పెట్టుకునేది కాదు. మా నాయన చంకబిడ్డగా ఉన్నప్పుడే మా తాత పోయాడట. అప్పటి నుంచి అవ్వకు తెల్ల చీర తప్ప వేరే గుడ్డ లేదు, తలలో పువ్వు లేదు. ఇవన్నీ పిల్లలకు ఎవరు చెబుతారు? అవ్వలంటే తెల్లగానే ఉంటారనుకుని పెరిగాను.

నాకు పది పదకొండేళ్ళప్పుడు కుట్టు పిచ్చి పట్టింది. పక్కింటి అక్క బళ్ళారి దిక్కు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చింది. వస్తూ వస్తూ చిలకలు, నెమళ్ళు కుట్టిన దిండు గలీబులు తెచ్చుకుంది. వాటిని చూసిన రోజు నుంచి నేను ఆమె గడప వదల్లేదు. పోపో అని తరిమినా మళ్ళీ వచ్చే పిల్లిలాగా తిరుగుతున్నానని ఆమె అత్త విసుక్కునేది. చివరికి అక్కే జాలిపడి సూది చేతికిచ్చింది. ముందు నేర్పింది గొలుసు కుట్టు. ఒక మెలికలోంచి ఇంకో మెలిక తీసుకుంటూ పోవడమే. చూడటానికి అందంగా ఉంటుంది కానీ నమ్మదగ్గ కుట్టు కాదది. చివర ముడి గట్టిగా వేయకపోతే, దారం కొస పట్టి లాగగానే వరుసంతా ఊడి చేతికొస్తుంది. అందుకని అక్క నాతో ముడి మీద ముడి వేయించేది.

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కొక్కటి కుట్టాలని పంతం పట్టాను. నాయన తువ్వాలు మూలన ఎద్దును కుట్టాను. అది మేకలాగా వచ్చింది. నాయన దాన్నే భుజాన వేసుకుని సంతకు పోయి, అడిగిన వాళ్ళందరికీ ఎద్దనే చెప్పాడు. అమ్మ దిండుకు మామిడి పిందెలు. చెల్లెలి లంగాకు చిలక. దాని ముక్కు వంకరపోయిందని చెల్లెలు ఒక పూటంతా ఏడ్చింది, విప్పి మళ్ళీ కుడతానంటే మాత్రం ఒప్పుకోలేదు. అవ్వను ఏం కావాలని అడిగితే, తనకేమీ వద్దులే పొమ్మంది. అంతటితో ఆ మాట వదిలేశాను.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఊళ్ళో గంజి పోసే కేంద్రం పెట్టారు. బావిలో నీళ్ళు మనుషులకు, గొడ్లకే చాలడం లేదు, స్నానాలెక్కడివి? కనకాంబరం చెట్లు ఎండిపోయాయి. అవ్వ వాటిని పీకి పొయ్యిలో పెట్టింది. కానీ సాయంత్రం కాగానే అలవాటుగా వచ్చి గడపలో కూర్చునేది. ఒళ్ళో పూలు లేకపోయినా ఆమె వేళ్ళు మాత్రం మాల కడుతున్నట్టే కదులుతూ ఉండేవి. అది చూసి నాకు ఏడుపొచ్చింది. ఏం కుట్టాలో అప్పుడే తెలిసింది.

అవ్వకు ఉన్న ఒకే ఒక్క మంచి చీర పెట్టెలోంచి తీసి, ఎవరికీ తెలియకుండా పక్కింటికి పట్టుకుపోయాను. ఎవరిదని అడిగింది అక్క. మా అవ్వది, కొంగు మీద కనకాంబరాలు కుడతానన్నాను. ఆమె ఏదో అనబోయి ఊరుకుంది. కాసేపటికి లోపలి నుంచి దారాల డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. వద్దని చెప్పాల్సిన మాట తెలిసే మింగేసిందని నాకు చాలా కాలానికి గానీ అర్థం కాలేదు. కొంగు పొడవునా గొలుసు కుట్టుతో పూలు కుట్టడానికి నాకు చాలా రోజులు పట్టింది. అంత శ్రద్ధగా మళ్ళీ నేనేదీ కుట్టలేదు.

ఆ కరువులోనే పుట్టిన మా తమ్ముణ్ణి ఉయ్యాల్లో వేసే రోజు పొద్దున ఆ చీర అవ్వ చేతిలో పెట్టాను. అప్పటికే ఆమె కళ్ళకు పొరలు కమ్మాయి, మనుషుల్ని కూడా గొంతు విని గుర్తుపట్టేది. కొంగు మీద వేళ్ళు ఆడించి, ఇవేమి పాపా అంది. మన చెట్టు పూలే అవ్వా అన్నాను. ఒక్కొక్క పువ్వునూ కొస నుంచి కొస దాకా తడిమి చూసింది. ఆ తర్వాత ఆ చీరే కట్టుకుంది. పూలు లోపలికి వచ్చేట్టు కొంగు మడిచి నడుం దగ్గర దోపుకుంది. నాకది నచ్చలేదు. అందరికీ కనపడాలని కదా నేను కుట్టింది!

మొగుడు పోయిన ఆడవాళ్ళు శుభకార్యాల్లో ముందుకు రాకూడదు. అవ్వ గోడవారగా ఒక మూల కూర్చుంది. పాటలు పాడి, పిల్లవాణ్ణి ఉయ్యాల్లో వేసి తీశాక, ఎవరో తెచ్చి అవ్వకు అందించారు. మనవడికోసం రెండు చేతులూ చాచేసరికి దోపిన కొంగు జారి ఒళ్ళో పరుచుకుంది. తెల్ల చీర మీద కనకాంబరాలు. నాకు ఎంత బాగున్నాయో! పాటలు ఆగిపోయాయి. నాయనకు వరుసకు అక్కయ్యే ఒకామె ముందుగా నోరు విప్పింది.

"ఏం చిన్నమ్మా, ఇప్పుడు పూలు కావాల్సొచ్చినాయా నీకు?"

ఎవరో కిసుక్కుమన్నారు. నాయన తల దించుకున్నాడు. అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఇంట్లో సూది పట్టేదాన్ని నేనొక్కదాన్నే కదా. అవ్వకు చెప్పకుండా నా అంతట నేనే కుట్టానని చెప్పడానికి నోరు తెరవబోయాను. పక్కనే ఉన్న అవ్వ నా మణికట్టు పట్టుకుంది, నొప్పి పుట్టేంత గట్టిగా.

"నేనే కుట్టియ్యమన్నా. నాకే ఆశ పుట్టింది. పిల్లనేమీ అనగాకండి."

పిల్లవాణ్ణి ఎవరికో ఇచ్చేసి, గోడ పట్టుకుంటూ పెరట్లోకి నడిచింది. నేనూ వెనకే పోయాను. చెట్లుండిన చోట కూర్చుని, కొంగు కొసలో ముడిని గోటితో వెతికి పంటితో తెంపింది. దారం పట్టి లాగింది. పువ్వు వెంట పువ్వు ఊడిపోయింది. వద్దవ్వా, వద్దవ్వా అని నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఊడిన దారాన్ని చీపురు పుల్లకు చుట్టి నా చేతిలో పెట్టింది.

"బాగా కుట్టినావు పాపా. ఒక్క రేకు గూడా తప్పు పోలేదు, తాకి చూసినా గదా. దారం బాగుండాది, మీయమ్మకి కుట్టియ్యి."

నిజం చెప్పి ఉంటే నాకు రెండు దెబ్బలు పడేవి, సాయంత్రానికి అందరూ మర్చిపోయేవాళ్ళు. ఆ రెండు దెబ్బలు నాకు తగలకుండా, ముప్పై ఏళ్ళకు పైగా కాపాడుకున్న మంచిపేరును అవ్వ వదులుకుంది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ ఊళ్ళో ఆడవాళ్ళు ఆమె వెనక పూల మాట ఎత్తి నవ్వుకున్నారు. అది నా సొంత ఆలోచనేనని ఆమె ఒక్కనాడూ చెప్పలేదు. ఇంకొకరిమీద ప్రేమంటే ఇంత దాకా పోవాలని నాకు నేర్పింది ఆమే. నా పిల్లల విషయంలో కూడా నేను అంత దాకా పోలేకపోయాను. కొంగు మీద మిగిలిన సూది రంధ్రాలు రెండు మూడు ఉతుకుల్లోనే పూడిపోయాయి.

అవ్వ పోయిన చాలా ఏళ్ళకు, అనంతపురంలో నాతో పనిచేసే ఒకామె పెళ్ళికి చర్చికి వెళ్ళాను. అక్కడ బల్లమీద తెల్లటి గుడ్డ పరిచి ఉంది. ఊరికే చెయ్యి ఆనిస్తే వేళ్ళకు పూలు తగిలాయి. తెల్ల గుడ్డ మీద తెల్ల దారంతో కుట్టిన పూలు. నాలుగడుగులు వెనక్కి వేస్తే ఏమీ కనపడటం లేదు. పెళ్ళిలో అందరూ నవ్వుతుంటే నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. అవ్వ ఆ పూలను కళ్ళతో చూడనే లేదు. చూసింది చేత్తోనే. తెల్ల దారంతో కుట్టి ఉంటే ఊరికి ఏమీ తెలిసేది కాదు, అవ్వ కొంగు మీద పూలు అవ్వకు ఉండేవి. అక్క డబ్బాలో తెల్ల దారం ఉండలే ఎక్కువ. రంగు దారం కోసం వెతుకుతూ నేనే వాటిని పక్కకు తోశాను. ఇప్పటికీ దారాల డబ్బా తెరిస్తే, ముందు ఆ తెల్ల ఉండల మీదే చెయ్యి పడుతుంది. కాసేపు సూదిలోకి దారం ఎక్కదు.