నర్సవ్వ పిడికిలి, నా రేటింగ్

2023 వానాకాలం. కోరుట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేస్తున్నాను. జగిత్యాల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. ఏం పని చేస్తావమ్మా అని పక్క సీటు వాళ్లు అడిగితే, పట్టేసిన కీళ్లను మళ్లీ పనిలోకి దింపుతాను అని చెప్పేదాన్ని. మా వైపు జనానికి మాత్రం ఫిజియోథెరపీ అంటే ‘కరెంట్ పెట్టుడు’. నొప్పి ఉన్నచోట ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు పంపే ఐఎఫ్‌టీ అనే మిషన్ ఉంటుంది. జిలజిలమంటూ హాయిగా ఉంటుంది, నొప్పి కాసేపు తగ్గుతుంది. ఆ మిషన్ పెట్టకుండా ఎక్సర్‌సైజు చేయించి పంపామంటే అసలు వైద్యమే చేయలేదనుకుంటారు.

ఆ ఏడాదే మా గది గుమ్మం పక్కన గోడకు ఒక ట్యాబ్ బిగించారు. ‘ఈరోజు మీకు ఎలా అనిపించింది?’ అని ఒకటే ప్రశ్న. కింద పచ్చగా నవ్వే మొహం, పసుపు మొహం, ఎర్రగా ఏడ్చే మొహం. బయటికి వెళ్లే ప్రతి పేషెంటూ ఒకటి నొక్కాలి. నెలాఖరుకు వాటిని కలిపి మాకు రేటింగ్ వేస్తారు. నాలాంటి కాంట్రాక్టు ఉద్యోగులను ఉంచాలా, పంపాలా అన్నది ఏడాది చివర ఆ రేటింగే తేలుస్తుంది. మా పని తెలిసిన మనిషెవరూ ఆ డబ్బాను అక్కడ పెట్టరు. మా గదిలోంచి పేషెంటు చెమటలు తుడుచుకుంటూ, ఒక్కోసారి కళ్లు కూడా తుడుచుకుంటూ బయటికొస్తాడు. సరిగ్గా ఆ క్షణంలో పట్టుకొని ఎలా ఉందని అడుగుతారు.

నర్సవ్వది చందుర్తి దగ్గర పల్లె. బీడీలు చుడుతుంది. వాకిట్లో జారిపడి కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక ఎముక బాగా అతికిందని డాక్టరు గారు ఎక్స్‌రే చూసి చెప్పి, నా దగ్గరికి పంపారు. ఎముక అతికింది కానీ వేళ్లు వాచి, బిగుసుకుపోయాయి. దీన్ని మేము స్టిఫ్‌నెస్ అంటాం. పిడికిలి బిగించమంటే వేళ్ల కొసలకూ అరచేతికీ మధ్య ఒక నిమ్మకాయ పట్టేంత సందు మిగిలింది.

"కరెంట్ పెట్టు బిడ్డా. రెండు పూటల పెట్టినా సరే, ఉంట," అంది నర్సవ్వ.

"కరెంటుతోని నొప్పి తగ్గుతది గనీ వేళ్లు వంగయ్ అవ్వా. వంచాల్సింది మనమే."

"ముట్టుకుంటెనే పానం పోతుంది. వంచుతవా?"

"నువ్వు ఓర్చుకున్నంతనే వంచుత. గనీ రోజూ వంచుత."

వేడి మైనంలో చేయి ముంచి, కండరాలు వదులయ్యాక ఒక్కో వేలు పట్టుకున్నాను. ఆమె మొదట మూలిగింది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. వెంట వచ్చిన కూతురు లావణ్య బయటికెళ్తూ ట్యాబ్ మీద ఎర్ర మొహం నొక్కింది. కళ్లెదుట తల్లి ఏడుస్తుంటే ఏ బిడ్డ అయినా అదే చేస్తుంది. నాకేం కోపం రాలేదు.

మేనేజరు పిలిచి మాట్లాడినప్పుడు మాత్రం ఒళ్లు మండింది.

"మేడం, మీయి ఎర్రయే ఎక్కువున్నయ్. సురేష్‌వి చూడుండ్రి, అన్నీ పచ్చయే. ఆయన లెక్క మీరు గూడ మిషన్ పెట్టి పంపియ్యరాదు? పేషెంట్ నవ్వుకుంట పోవాలె."

"నవ్వుకుంట పోతది సార్. చెయ్యి మాత్రం గట్లనే ఉంటది."

"అది వాళ్లిష్టం," అని ఆయన నర్సవ్వను సురేష్‌కు మార్చేశారు.

సురేష్ నాతోపాటు పనిచేసే ఫిజియో. పని రాని వాడేం కాదు. "నాకు తెల్వదా అక్కా? ఇద్దరు పిల్లలు. రేటింగ్ పోతె నన్నెవరు పెట్టుకుంటరు?" అన్నాడు మొహం తిప్పుకొని. మంచి పనివాడికి తన పని తాను చేయడానికి భయం పుట్టించింది ఆ డబ్బా.

నర్సవ్వ రోజూ కరెంటు పెట్టించుకొని నవ్వుతూ వెళ్లేది. పచ్చ మొహాలు పడుతూనే ఉన్నాయి. కొన్ని వారాలకు ఒక మధ్యాహ్నం ఆమె బయట బెంచీ మీద కూర్చుని కనిపించింది. లావణ్య సద్ది గిన్నె ఒళ్లో పెట్టుకొని ఆమెకు అన్నం బుక్కలు పెడుతోంది.

"నొప్పి తగ్గిందా అవ్వా?"

"తగ్గింది బిడ్డా. గా పిలగాడు మంచోడు, నీ లెక్క కాదు."

"మరి బుక్క నీ చేత్తోని తింటలేవేంది?"

ఆమె కుడి చేతిని కొంగు కింద దాచుకుంది. లావణ్యే అందుకుంది. "ఎక్కడ తింటది మేడం? అన్నం కలుపరాదు, జుట్టు ముడుచుకోరాదు. బీడీ కార్ఖాన్ల ఇంకెన్ని దినాలు ఆగుతరు? అవ్వకిచ్చే ఆకు వేరేటోళ్లకు ఇస్తమంటున్నరు. ఒక్కసారి పేరు తీస్తె మళ్లెక్కించుకోరు."

పట్టేసిన కీలు మన కోసం ఎదురుచూడదు. రోజులు గడిచేకొద్దీ లోపలి కణజాలం గట్టిపడుతుంది, ఆ తర్వాత ఎంత ఏడ్చినా వంగదు. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"అవ్వా, ఉన్నదున్నట్టు చెప్త. గిప్పుడు వంచకపోతె నీ చెయ్యి ఇగ గింతే. నా దగ్గరికొస్తె నొస్తది, ఏడుస్తవ్. రానంటె నీ ఇష్టం."

ఆమె తన వేళ్లను వంచబోయి చూసుకుంది. "రేపొస్త. ఆకు కత్తిరిచ్చే కత్తెర తేవాల్నా?" అని అడిగింది.

అప్పుడే మేనేజరు గదిలోకి వెళ్లాను. నర్సవ్వను నాకు తిరిగి ఇవ్వమన్నాను. ఈ నెల రేటింగ్ పడిపోతే కాంట్రాక్టు సంగతి తాను చెప్పలేనన్నారు.

"ఆమె పిడికిలి మూసుకున్నంక నన్ను తీసేయుండ్రి సార్. అంతవరకు ఆమె జోలికి రాకుండ్రి," అన్నాను. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు దానికి నేనేం అడ్డుపడలేదు.

నర్సవ్వ మళ్లీ నాకొచ్చింది. మర్నాటి నుంచి మైనం, సాగదీయడం, మెత్తటి బంతి నొక్కించడం. బీడీ చుట్టడానికి నానబెట్టిన తునికాకూ, కత్తెరా ఇంటి నుంచే తెచ్చేది. మొదట్లో కత్తెర రెక్కలు విప్పలేకపోయింది. ఆకు వేళ్ల సందులోంచి జారిపోయేది. "నీ చేతులిరుగ, సంపుతున్నవ్ పో," అని తిడుతూనే మళ్లీ ఆకు తీసుకునేది. నేను ఆపమంటే ఆపేది కాదు. బయటికెళ్తూ మాత్రం రోజూ తానే ఎర్ర మొహం నొక్కేది. లావణ్య చేయి పట్టుకొని ఆపబోయినా వినలేదు.

దీపావళి దాటాక ఒక ఉదయం వేళ్ల కొసలు అరచేతిని తాకాయి. నర్సవ్వ ఆ పిడికిలిని ఎడమ చేత్తో పట్టుకొని చూసుకుంటూ ఏడ్చింది. ఆకు కత్తిరించి, తంబాకు లేకుండానే చుట్టింది. వంకరగా వచ్చింది. పనికిరాదని తానే విప్పేసి మళ్లీ చుట్టింది.

ఆ రోజు గుమ్మం దగ్గర మేనేజరు ఎదురయ్యారు. నర్సవ్వ వేలు మళ్లీ ఎర్ర మొహం మీదికే వెళ్తుంటే ఆయన ఉండబట్టలేకపోయారు.

"చెయ్యి మంచిగైంది కదా అవ్వా, మళ్ల గదెందుకు నొక్కుతున్నవ్?"

"నాకు సదువు రాదు గద, దాని మీద ఏం రాసున్నదని మా బిడ్డనడిగిన. ఇయ్యాల ఎట్లనిపించిందని రాసున్నదట. నొప్పి పెట్టింది, గదే నొక్కిన. అబద్ధం నొక్కుమంటవా? చెయ్యి వంగిందా అని నువ్వు అడుగు, చెప్త."

ఆయన అడగలేదు. ఏడాది చివర నా కాంట్రాక్టు పొడిగించలేదు. బాధపడలేదంటే అబద్ధం, ఇంటికొచ్చి ఏడ్చాను. కానీ మళ్లీ అదే చేయి నా ముందుకొస్తే మళ్లీ అదే చేస్తాను. పేషెంటును అడగొద్దని నేను ఎక్కడా అనను. మర్యాదగా మాట్లాడామా, గది శుభ్రంగా ఉందా, ఎక్కువసేపు కూర్చోబెట్టామా అన్నది వాళ్లనే అడగాలి. వైద్యం మంచిదా కాదా అన్నది మాత్రం గుమ్మంలో నిలబెట్టి తేల్చేది కాదు. నెలలు పోనిచ్చి, వాళ్లింటికి ఫోన్ చేసి, నీ పని నువ్వు చేసుకుంటున్నావా అని అడగాలి. ఇప్పుడు నేను అలాగే అడుగుతున్నాను.

జగిత్యాలలో ఒక గది అద్దెకు తీసుకొని సొంతంగా క్లినిక్ పెట్టుకున్నాను. మొన్న నర్సవ్వ తన చెల్లెల్ని తీసుకొచ్చింది. ఆపరేషన్ తర్వాత మోకాలు వంగడం లేదట. నేను నోరు తెరవకముందే నర్సవ్వ ఆమెకు చెప్పేసింది.

"ఈ పొల్ల ఏడిపిస్తది చెల్లే. ఏడుపొస్తె ఏడువు, తిట్టాలనిపిస్తె తిట్టు. నడుమల లేచి మాత్రం రాకు."

ఆ చెల్లెలు భయంభయంగా నా వైపు చూసింది. నేను స్టూలు దగ్గరికి లాక్కుని, ఆమె మోకాలి మీద చేయి వేశాను.