నీళ్లు పొయ్యమన్న మాట

“లాగద్దని సెప్పు మే. నీళ్లు పొయ్యమని సెప్పు.”

“బురదలో ఉండావు గదా, ఇంగా నీళ్లేంది?”

“కాళ్ల కాడికి పోసేది. సెప్పు పో.”

“సెప్తా.”

నేనూ నా మొగుడూ ఆఖరున మాట్లాడుకున్నది ఇంతే. ఆయన గుంతలో, నడుము దాకా తడి ఇసకలో దిగిపోయి ఉన్నాడు. నేను ఒడ్డున ఉన్నాను.

తొంభైల్లో ఒక కరువు ఏడు. పుంగనూరు పక్కన వంకలో ఇసక తోడి ఊటగుంత తవ్వే కూలికి పోయాం. ఆయన తవ్వేవాడు, నేను తట్ట మోసేదాన్ని. నీళ్లు ఊరాయని అందరూ సంతోషపడ్డారు. ఊరేకొద్దీ అడుగున ఇసక జావ మాదిరి అయింది. అందులో ఆయన కాళ్లు దిగబడ్డాయి.

ఆ ఇసక సంగతి ఆయనకు తెలుసు. పెళ్లయిన కొత్తలో కుప్పంలో మా అమ్మగారింటికి పోతూ వంక దాటుతుంటే నా కాలు ఇట్లాగే దిగబడింది. పీకేకొద్దీ బిగిసింది. ఆయన నవ్వుతా కూర్చున్నాడు. “లాగితే పట్టుకుంటాది మే, నీ మాదిరే మొండిది” అని, కాలి పక్కన చెంబుతో నీళ్లు పోసి మెల్లగా ఆడించమన్నాడు. కాలు వచ్చేసింది. చెప్పు మాత్రం దానికే వదిలిపెట్టాను.

అందుకని ఆయన చెప్పినట్టే మేస్త్రీకి చెప్పాను. తాడు పట్టుకుని ఉన్న మేస్త్రీ, “పక్కకు పోమ్మా. మునిగే మనిసి మీద నీళ్లు పోస్తారా యాడన్నా?” అన్నాడు.

“ఆయనే సెప్పినాడప్పా.”

“బయంలో ఏమో అంటాడు లే.”

మేస్త్రీ చెడ్డవాడు కాదు. చేతుల తోలు లేచిపోయేదాకా లాగాడు. చంకల కింద తాడు వేసి, అందరూ ఒకే ఒడ్డున కాళ్లు తన్నిపెట్టి లాగారు. ఇసక ఇంకా బిగిసింది. వాళ్ల బరువుకు ఒడ్డు జారి ఆయన మీద పడింది.

శవానికి నీళ్లు పోసేటప్పుడు మా అత్త నా చేతిలో చెంబు లాక్కుంది. “బతికుండంగానే నీళ్లు పొయ్యమంటివి గదా. ఇంగేమి పోస్తావు?” అంది. ఆ మాట కుళాయి దగ్గరికి పోయింది. “నీళ్లు పొయ్యమన్నామె వస్తాండాది” అని ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకునేవాళ్లు. అత్త ఆ రోజు నుంచి నా చేతి నీళ్లు ముట్టలేదు. నేను మదనపల్లె వచ్చి మండీలో టమాటాలు ఏరే పనిలో చేరాను.

ఇది రాస్తున్న పిల్ల నా చెల్లెలి కూతురు. ఇక్కడే కాలేజీలో ఫిజిక్సు చదువుతుంది. పెరుగు, నురుగు, జిగురు, తడి ఇసక, ఇట్లా అటు గట్టివీ కాక ఇటు నీళ్లూ కాక ఉండే వాటికి వాళ్లకొక పాఠం ఉందంట. నేను వంక సంగతి అడిగాను.

“ఇసక రేణువులు ఒకదాన్నొకటి ఆనుకోని ఉంటాయి పెద్దమ్మా. కాలు లాగితే అవి ఎడం కావాల. ఆ సందుల్లోకి నీళ్లు రావాల. రాకపోతే లోపలికే పీలుస్తాది. నీళ్లు పోస్తే వదులుతాది” అంది. బకెట్లో తడి ఇసక పోసి నా చెయ్యి గుచ్చి పీకమంది. రాలేదు. నీళ్లు పోసింది. వచ్చింది.

పిల్ల నేను సంతోషపడతాననుకుంది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. నేను చెప్పింది తప్పు కాదని తెలిసింది. దాంతోబాటే ఆయన బయటికి వచ్చుండేవాడనీ తెలిసింది. అంతవరకూ మన్ను మింగేసిందని అనుకుంటూ బతికాను.

అత్త ఇప్పుడు మంచంలో ఉంది. ఆమె పోయేలోగా ఈ సంగతి ఆమె చెవిన పడాలి. నేను చెబితే మొహం తిప్పుకుంటుంది. చదువుకున్న పిల్ల కాగితం చూసి చదివితే వింటుంది. కొడుకు బతికేవాడని ఆ ముసలామెకు చెప్పడం ఎందుకని పిల్ల అడిగింది. ఆ ముక్క తీసెయ్యమన్నాను. మళ్లీ పెట్టమన్నాను. అది లేకుండా మిగతాది ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

ఇంక చాలు. రాసిందంతా చదువమ్మా. ఆమెకు చెవులు మందం. ఆమె ముందర కూర్చున్నట్టే గట్టిగా, మెల్లగా చదువు.