ఆరో నంబరు తీగ

మా ఆయనను పనిచేసే చోట అందరూ 'ఆగండి మేస్త్రి' అనేవారు. అసలు పేరు ఇంట్లోవాళ్ళకూ బ్యాంకువాళ్ళకూ తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఏ మోటారును మొదటిసారి తిప్పాలన్నా, స్విచ్చి మీద చెయ్యి పెట్టినవాణ్ణి "ఆగండి" అనేవారు. చుట్టూ ఒకసారి తిరిగి ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూసేవారు. తప్పు జరిగితే దెబ్బ తగిలే చోటేదో అక్కడికి తానే వెళ్ళి నిలబడి, అప్పుడు "ఊఁ, కానీండి" అనేవారు.

ఆ చోటు ఖాళీగా ఉంచితే సరిపోదా అని ఒకసారి అడిగాను. "ఖాళీగా ఉంటే తీగలు కట్టినవాడికి భయముండదే. భయం లేకపోతే స్క్రూ సగమే బిగుస్తుంది" అన్నారు.

ఆయన పోయి పధ్నాలుగు నెలలైంది. గుండె ఆగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. నేను చెప్పేది అంతకు ఐదేళ్ళ ముందు మాట.

ఆయన కళ్ళకు శుక్లాలు వచ్చాయని అప్పటికి ఏడాదిగా మా ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. ఆపరేషనంటే భయం. కన్ను కోయించుకోవడం కంటే క్రేను మీద పడుకోవడం నయమనేవారు. మనుషులు కనబడేవారు, స్క్రూలు వేళ్ళకు తెలిసేవి. చిక్కల్లా నంబర్లతోనే. పెద్ద కేబుల్ లోపల పన్నెండు తీగలుంటాయి. పన్నెండూ నల్లనివే. ఒక్కోదాని మీద తెల్లగా, చీమ కాలంత నంబరు అచ్చువేసి ఉంటుంది. ఆ నంబరు చూసి, తీగ రెండు చివర్లకూ అదే నంబరున్న చిన్న ప్లాస్టిక్ రింగు తొడగాలి. ఆ రింగుల నంబర్లు పెద్దవి, ఆయనకు కనబడేవి. కాబట్టి కేబుల్ ముందే ఇంటికి తెచ్చేవారు. వంటింటి బల్ల మీద నేను చదివి రింగులు తొడిగేదాన్ని.

"నా కళ్ళూ నీ మూడో తరగతీ కలిపితే ఒక ఇంజనీరు" అనేవారు.

మా అత్తగారు ఊరుకునేది కాదు. "గుడ్డికన్నా మెల్ల నయమన్నట్టుంది మీ సంసారం" అనేది.

ఆయన నాకు మొదటిరోజే నేర్పిన సంగతి ఒకటుంది. ఆరు, తొమ్మిది తలకిందులైతే ఒకటే. అందుకని కేబుల్ మీద ఆ రెండింటికి మాత్రం అడుగున చిన్న గీత వేస్తారు. గీత ఎటు ఉంటే అటే కింద. గీత చూడకుండా రింగు తొడగొద్దని నా చేత మూడుసార్లు చెప్పించుకున్నారు.

ఆ వారం పని ఇనుప పైపుల గోడౌనులో. అక్కడ పైకప్పు కింద పట్టాల మీద నడిచే క్రేను ఉంది. దాన్ని నడిపేవాడు వేలాడే స్విచ్చి పట్టుకుని బరువు పక్కనే నడవాలి. కిందటేడు ఒక పైపు దొర్లి అతని పాదం మీద పడింది. అతణ్ణి అందరూ చిలక అంటారు, నోరు మూతపడదు కాబట్టి. ఇక దూరంగా నిలబడి నడిపేలా రిమోటు పెట్టిద్దామని గోడౌను యజమాని అనుకున్నాడు. రిమోటు చెప్పింది గాలిలో వస్తుంది. దాన్ని వినే డబ్బాను రిసీవర్ అంటారు. మన టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. దాన్ని క్రేను మీద బిగించి, దాని తీగలను మోటార్లను తిప్పే ప్యానెల్‌కు కలపాలి.

"ఇది చాడీలు చెప్పదు. విన్నది విన్నట్టే మోటారుకు చెబుతుంది. తప్పు చెప్పిందంటే ఆ తప్పు మనం కట్టిందే" అన్నారు ఆయన ఆ డబ్బాను తడుతూ.

ఆరో నంబరు తీగ క్రేనును గేటు వైపు నడిపేది. తొమ్మిదో నంబరుది గోడ వైపు.

కేబుల్ ఒక చివర ముందురోజే పూర్తిచేశాను. సాయంత్రం అత్తగారికి జ్వరం తగిలి రెండో చివర మిగిలిపోయింది. తెల్లారాక ఆయన స్నానం చేస్తుంటే కూర్చున్నాను. పొయ్యి మీద పాలు. పక్కగదిలోంచి అత్తగారు మంచినీళ్ళంటోంది. యజమాని అప్పటికే ఆయన ఫోనుకు రెండుసార్లు చేశాడు, లారీ వచ్చి నిలబడిందట. మామూలుగా అయితే రింగులు తొడిగాక ఆయన ప్రతి తీగనూ బజరు పెట్టి చూసుకునేవారు. ఈ చివర ముట్టిస్తే ఆ చివర కుయ్యిమనాలి. ఆ రోజు ఆ తీరిక లేదు. "నువ్వు చూశావుగా" అన్నారు. "చూశాను" అన్నాను. కేబుల్ భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

తొమ్మిదిన్నరకు బల్ల తుడుస్తుంటే జానెడు కేబుల్ ముక్క దొరికింది. పొద్దున రెండో చివర కోసినప్పటిది. పైతోలు లోపల తీగలు అతుక్కోకుండా తెల్లటి పొడి చల్లి ఉంటుంది. ఊరికే ఒక తీగ లాగి చూశాను. ఆరు. పొద్దున తొడిగింది ఇలాంటిదేగా అనుకుంటూ చీర కొంగుతో తుడిచాను.

పొడి పోయింది. గీత బయటపడింది. గీత అంకె కింద లేదు, నెత్తిన ఉంది.

అది ఆరు కాదు, తొమ్మిది.

ముందురోజు మొదటి చివర తీగలన్నీ తడిగుడ్డతో తుడిచాను, అది బాగా గుర్తుంది. పొద్దున తుడిచానా? గుడ్డ పాలగిన్నె దించడానికి తీశాను. మళ్ళీ పట్టుకున్నానా? ఎంత గింజుకున్నా గుడ్డ గిన్నె దగ్గరే కనబడుతోంది, బల్ల మీద కనబడటం లేదు.

ఫోన్ చేశాను. ఆపేసి ఉంది. రిసీవర్ పని ఉన్నప్పుడు ఆయన ఫోన్ ఆపి సంచిలో పడేసేవారు, గాలిలో ఒక్క మాటే ఉండాలని. యజమాని నంబరు నా దగ్గర లేదు.

నేను తొడిగింది తప్పయితే, చిలక గేటు బటను నొక్కితే క్రేను గోడ మీదికి పోతుంది. మొదటిసారి నొక్కేటప్పుడు గోడ దగ్గర ఎవరు నిలబడతారో నాకు తెలుసు.

"అత్తయ్యా, గోడౌనుకు వెళ్ళొస్తా."

"జ్వరమొచ్చిన మనిషిని వదిలి పైపులు చూడ్డానికా?"

"రింగు తప్పు తొడిగాను. ఆయన అక్కడ నిలబడతారు."

ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసింది. "చెప్పులు కూడా వద్దు, పో" అంది.

గోడౌను రైల్వే గేటు అవతల. నేను పోయేసరికి గేటు పడి ఉంది, గూడ్సు బండి పోతోంది. బండి అంత పొడుగుంటుందని నాకెప్పుడూ తెలియదు. పెట్టె వెనక పెట్టె. ఇప్పుడు నిచ్చెన దిగుతుంటారు, ఇప్పుడు చేతులు తుడుచుకుంటుంటారు అనుకుంటూ ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. పక్కనున్న సైకిలాయన "ఏంటమ్మా, బండిని తోస్తావా?" అన్నాడు. చూస్తే నిజంగానే కమ్మీని తోస్తున్నాను.

గేటు లేచింది. పరిగెత్తాను.

గోడౌను వెడల్పాటి తలుపు తీసే ఉంది. ఎండలోంచి లోపలికి పోయేసరికి కళ్ళు చీకట్లు కమ్మాయి. ముందు చిలక గొంతు వినిపించింది. "మేస్త్రీ, లారీవాడు అరుస్తున్నాడు. ఇక కానిద్దామా?" తర్వాత కనబడింది. ఛాతీ ఎత్తున పైపుల కట్ట వేలాడుతోంది. దానికీ గోడకీ మధ్య, నాలుగడుగుల సందులో, మా ఆయన. చేతులు కట్టుకుని ఉన్నారు. రిమోటు పట్టుకున్న చిలక నాకు వీపు చేసి ఉన్నాడు.

ఆయన నోరు తెరిచారు. "ఊఁ, కా..."

"ఆగండి!"

ఆ గొంతు నాదని నాకే తెలియలేదు. కప్పు రేకులు మోగాయి.

చిలక తిరిగి చూసి నవ్వాడు. "అదిగో, ఆయన తెగులు ఇంటావిడకూ అంటుకుంది!" లారీ డ్రైవరూ నవ్వాడు. మా ఆయన నవ్వలేదు. నా కాళ్ళ వైపు చూశారు. చెప్పులు లేవు.

"చిలకా, రిమోటు కింద పెట్టు. వేలు తియ్యి" అన్నారు మెల్లగా. సందులోంచి బయటికి వచ్చారు.

కేబుల్ ముక్క చూపించి, గీత మీద గోరు పెట్టాను. ఆయన దాన్ని వేలితో తడిమారు. వేలికి పొడి అంటుకుంది.

"రెండో చివర తుడవలేదా?"

"తుడిచానో లేదో గుర్తు లేదు."

యజమాని వచ్చాడు. "ఏమైంది మేస్త్రి గారూ? లారీకి ఏం చెప్పను?"

"పావుగంట చెప్పండి. ముందు కట్ట దించుదాం."

లారీ తొందరలో పాత స్విచ్చితో ముందే లేపిన కట్టను దానితోనే దించి, మెయిన్ ఆపారు. ఆయన నిచ్చెనెక్కి రిసీవర్ దగ్గర ఆరో తీగ విప్పి బజరు వైరు ముట్టించారు. కింద ప్యానెల్ దగ్గర చిలక రెండో వైరు పట్టుకున్నాడు. ఆరో రింగున్న తీగకు ముట్టించాడు. చప్పుడు లేదు.

"సరిగ్గా ముట్టించావా?"

"మీసానికి కూడా ముట్టించాను మేస్త్రీ, కూయట్లా."

"తొమ్మిదికి పెట్టు."

కుయ్యిమంది. చిలక గోడ వైపు చూశాడు, ఆ సందు వైపు. అతని మొహంలో నవ్వు ఎటో పోయింది.

"నంబర్లు చూసుకోలేదా మీరు?" అన్నాడు యజమాని.

నేను తల దించుకున్నాను. ఏదో ఒకటి చెప్పి దాటేస్తారనుకున్నాను. ఆయన నిచ్చెన దిగి, చేతులు తుడుచుకుని చెప్పారు. "నాకు కనబడవండి. ఏడాదైంది. నంబర్లు మా ఆవిడే వేస్తుంది. ఆవిడ తప్పు కాదు, బజరు పెట్టకుండా తెచ్చింది నేను."

"మరి ముందే చెప్పరేం?"

"చెబితే పిలిచేవారా?"

యజమాని లారీ వైపు చూశాడు. చిలకే గొంతు సవరించుకుని, "అయితే ఇన్నాళ్ళూ మేస్త్రి ఈవిడా? మీరు హెల్పరా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు కానీ ఊపిరి మాత్రం ఆడింది.

ఈసారి నేను తడిగుడ్డ పెట్టి పన్నెండు తీగలూ తుడిచాను. గీతలు చూశాను. రెండు రింగులు మార్చాను. పన్నెండింటికీ బజరు పెట్టారు. పన్నెండూ వాటి వాటి చోట కూశాయి. ఆయన స్క్రూలు బిగించారు, సగం కాదు, పూర్తిగా.

"ఇప్పుడు ఖాళీ కొక్కెంతో" అన్నారు. ఖాళీ కొక్కెమే మనిషంత బరువుంటుంది. నడిచి వెళ్ళి మళ్ళీ ఆ సందులోనే నిలబడ్డారు.

చిలక రిమోటు తీయలేదు. "నా వల్ల కాదు మేస్త్రీ. ఇందాక నా వేలు బటను మీదే ఉంది."

ఆయన నా వైపు చూశారు. "నువ్వు నొక్కు."

"మీరు పక్కకు రండి."

"తీగలు చూశావా?"

"చూశాను."

"గీతలు?"

"చూశాను."

"బజరు విన్నావుగా. ఊఁ, కానీ."

రిమోటు ఇటుకంత బరువుంది. గేటు బొమ్మ ఉన్న బటను మీద బొటనవేలు పెట్టాను. రెండో వేలు ఎర్ర బటను మీద, ఆపడానికి. ఎదురుగా ఆయన, చేతులు కట్టుకుని, మసక కళ్ళతో నన్నే చూస్తూ. నేను ఆయనకు ఎంత కనబడుతున్నానో తెలియదు. కళ్ళు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు. నొక్కాను.

పైన రిసీవర్‌లో టక్కుమంది. మోటారు మూలిగింది. కొక్కెం ఒకసారి ఊగి, కదిలింది. ఆయన నుంచి దూరంగా. గేటు వైపు.

అది పోతూనే ఉంది. లారీ దాటింది, తలుపు దాకా పోయింది, అక్కడ హద్దు స్విచ్చి తగిలి తనంతట తానే ఆగింది. నేను మాత్రం ఇంకా నొక్కే ఉన్నాను. వేలు రాలేదు. ఆయన ఆ సందులోంచి నడిచి వచ్చి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, బొటనవేలిని మెల్లగా పైకి లేపారు.

"ఇక చాల్లే," అన్నారు, "ఆగు."