ఆగుదామన్నది మా బాపే

మొన్న ఆదివారం హైదరాబాదు నుంచి మా బిడ్డ వీడియో కాల్ చేసింది. మనవరాలికి మెడ మీద, చంకల కింద చిన్న చిన్న పొక్కులు లేచాయట. ముత్యాల్లా మెరుస్తున్నాయని, ఒక్కోదాని నడుమ సూది మొనంత సొట్ట ఉందని చెప్పింది. చర్మం డాక్టరు చూసి, ఇది వైరస్ వల్ల చిన్నపిల్లల్లో ఒకరి నుంచి ఒకరికి అంటుకునేదే తప్ప భయపడాల్సింది కాదన్నాడట. తువ్వాల వేరుగా పెట్టి గోకకుండా చూసుకుంటే, నెలలు పట్టినా సరే, వాటంతటవే పోతాయన్నాడట. నేను కళ్లద్దాలు సవరించుకొని ఫోనులో చూశాను. అవే. నా చిన్నప్పుడు మా ఇంట్లో పులిపిర్లని పిలిచినవి, నిజానికి పులిపిర్లు కానివి.

నేను చూస్తుండగానే మా బిడ్డ నవ్వుతూ పాపతో అంది. "నువ్వు నయమే. మీ తాతనైతే వాళ్ల బాపు ఖిల్లా చూపిస్తనని తీస్కపోయి సున్నంతోని కాల్పిచ్చిండు. ఏదీ, మచ్చలు చూపియ్యి నాన్నా!" పాప కళ్లు పెద్దవి చేసుకొని, "ముత్తాత బ్యాడా?" అని అడిగింది.

ఆ కథ మా బిడ్డకు చెప్పింది నేనే. పెళ్లిళ్లలో, పండుగలకు కలిసినప్పుడు, చొక్కా కాలరు దించి మచ్చలు చూపిస్తూ ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అందులో సగమే నిజమని తెలిసిన తర్వాత కూడా చెప్తూనే వచ్చాను. ఇప్పుడది మా ఇంట్లో నాలుగో తరానికి చేరింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది దేవరకొండ దగ్గర చిన్న పల్లె. ఆముదాలు, జొన్నలు, వాన కనికరిస్తే వేరుశెనగ. ఎనభైల మొదట్లో నేను రెండో తరగతిలో ఉండగా ఆ పొక్కులు నాకు గదువ కింద మొదలై మెడ మీదికి, అక్కడి నుంచి వీపు మీదికి పాకాయి. నొప్పి లేదు, కొంచెం దురద. గోకితే లోపలి నుంచి సగ్గుబియ్యం గింజలాంటి తెల్లటి ముద్ద వచ్చేది, అది ఎక్కడ తాకితే అక్కడ మళ్లీ లేచేది. అప్పట్లో ఇంటిల్లిపాదికీ ఒకటే తువ్వాల కదా, దండెం మీద అదే ఆరేది, దానితోనే అందరం తుడుచుకునేవాళ్లం. కొన్నాళ్లకు మా చెల్లె మోచేతి మడతలో కూడా రెండు కనబడ్డాయి. మా అమ్మ ఆడపిల్ల ఒంటి మీద ఇవేమిటని ఏడ్చింది.

మా బాపుది నిదానం మనిషి. నన్ను సైకిలు ముందరి గొట్టం మీద కూర్చోబెట్టుకొని ఊరి బయటి దర్గాకు తీసుకుపోయాడు. పులిపిర్లు లేచినవాళ్లు అక్కడ ఉప్పు మొక్కుకునేవాళ్లు. హిందువులైనా ముస్లిములైనా, పిడికెడు దొడ్డుప్పు తెచ్చి రాతి తొట్టిలో నీళ్లలో వేసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. ఉప్పు కరిగినట్టే ఒంటి మీదివీ కరుగుతాయని నమ్మకం. దర్గా చూసుకునే ముసలాయన్ను మేము తాత అనేవాళ్లం. ఆయన నా మెడ చూసి నవ్వి, "ఏం ఫికర్ చెయ్యకు బేటా. ఉప్పుకే జర టైం పడ్తది, ఇవ్విటికి పట్టదా?" అన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బాపు నాకు మాటిచ్చాడు. "ఇగ వాటిని ఎవ్వలు ముట్టరు బిడ్డా. అవ్వే పోతయ్. ఆగుదం."

నాకా మాట ఎంత బలమిచ్చిందంటే, బడిలో పిల్లలు నా పక్కన కూర్చోకపోయినా నేను బాధపడలేదు. మా బాపు చెప్పాడు, పోతాయి, అంతే.

ఎండాకాలంలో మా చిన్నమామ పెండ్లి కుదిరింది. పిల్లది కల్వకుర్తి దిక్కు. మా దగ్గర పెండ్లికొడుకు పక్కన అతని లాగే ముస్తాబు చేసి ఒక చిన్న పిల్లవాణ్ని కూర్చోబెడతారు, తోటి పెండ్లికొడుకు అంటారు. అక్క కొడుకునని ఆ మర్యాద నాకు దక్కింది. అమ్మ మురిసిపోయి నాకు పట్టు లాల్చీ కుట్టించింది. లాల్చీ వేసి చూస్తే మెడ మీదివన్నీ కనబడుతూనే ఉన్నాయి. మేనమామల ఇంటి నుంచి వచ్చిన పెద్దమ్మ చూసి, అమ్మతో, నా ముందే అంది: "గీ గింజల మెడ ఏస్కొని పీట మీద కూసుంటె పిల్ల తరఫోళ్లు ఏమనుకుంటరే? మనింట్ల ఏదో రోగమున్నదంటరు." అమ్మ నా ఒంటి మీది లాల్చీ విప్పి మడత పెట్టింది. ఆ తర్వాత ఇంట్లో పెద్దవాళ్ల మధ్య ఏం నడిచిందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే, పెండ్లికి వారముందనగా బాపు పొద్దున్నే సైకిలు తుడిచి, "దేవరకొండ ఖిల్లా చూపిస్త, పా" అన్నాడు.

ఖిల్లా అంటే నాకు పిచ్చి. దారి పొడుగునా నేనే మాట్లాడాను, గుట్ట ఎక్కుతామా, పైన తోపులున్నాయా, రాజు ఎక్కడ పడుకునేవాడు అని. బాపు ఊ కొట్టాడు. ఖిల్లా గోడ దూరం నుంచే కనబడింది. సైకిలు మాత్రం బస్టాండు వైపు తిరిగింది. అక్కడ ఒక రేకుల పందిరి కింద ఒకాయన చిన్న డబ్బా ముందర పెట్టుకొని కూర్చుని ఉన్నాడు. పులిపిర్లు తీసేవాడట. సున్నంలో బట్టల సోడా కలిపిన ముద్దను అగ్గిపుల్ల మొనతో తీసి ఒక్కో పొక్కు మీద అద్దుతాడు, అది చర్మాన్ని తింటుంది. "చీమ కుట్టినట్టైతది, గంతే. మొగపిలగానివి, ఏడుస్తవా?" అన్నాడు.

నేను బాపు వైపు చూశాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకొని మొహం అవతలికి తిప్పుకున్నాడు. మంట మొదలయ్యాక నేను ఆయన మణికట్టు కొరికాను. రక్తం వచ్చేలా కొరికినా ఆయన చేయి వదల్లేదు. మెడ చుట్టూ పైకి కనబడేవన్నీ కాల్చారు. చొక్కా కింద ఉన్నవాటిని ఎవరూ పట్టించుకోలేదు, అవి పెండ్లిలో ఎవరికీ కనబడవు కదా. బయటికి వచ్చాక బాపు జిలేబి పొట్లం కొనిచ్చాడు. నేను దాన్ని మురికికాలువలో వేశాను. ఇంటికి వచ్చేదాకా ఆయన ఛాతీకి ఆనకుండా హ్యాండిలు మీదికి వంగి కూర్చున్నాను. నొప్పి కన్నా నన్ను కాల్చిన మాట వేరే. ఎవరూ ముట్టరని చెప్పిన మనిషే ముట్టించాడు.

పుండ్లు చీము పట్టాయి. జ్వరం వచ్చింది. పెండ్లిలో నా పట్టు లాల్చీ మా పెద్దమ్మ కొడుకు వేసుకొని పీట మీద కూర్చున్నాడు. నేను విడిది ఇంట్లో అమ్మ ఒడిలో పడుకొని డప్పుల చప్పుడు విన్నాను. బాపు తలుపు దగ్గరికి వస్తే కేకలు పెట్టానట. "బాపు అబద్ధాలోడు గదనే?" అని అమ్మను అడిగాను. అమ్మ నా నుదురు నిమురుతూ, "ఊ, పండుకో" అంది.

వానలు పడేసరికి వీపు మీదివి, చెల్లె మోచేతివి, ఒక్కటి మిగలకుండా పోయాయి. ఎక్కడున్నాయో కూడా చెప్పలేనంతగా పోయాయి. కాల్చినచోట మాత్రం తెల్లటి మచ్చలు పడ్డాయి.

ఆ తర్వాత నేను మా బాపు సైకిలు ఎక్కలేదు. పెద్దయి నల్లగొండలో చదువుకొని అక్కడే కొలువు చేసినా, ఊరికి పోతే అమ్మతోనే కూర్చునేవాణ్ని. ఆయనతో వానల గురించి, ఎడ్ల గురించి నాలుగు మాటలు. తొంభైల చివర్లో ఆయనకు ఊపిరితిత్తులు చెడిపోతే నల్లగొండ దవాఖానలో నేనే చేర్పించాను, మందులకు, తిండికి లోటు రానివ్వలేదు. ఒకరోజు నేను వంగి గ్లాసు అందిస్తుంటే ఆయన చేయి నా మెడ మీదికి వచ్చింది, వేలితో ఆ మచ్చలను తడిమింది. నేను ఆ చేతిని తీసి మంచం మీద పెట్టాను. నెమ్మదిగానే పెట్టాను. అంత నెమ్మదిగా పెట్టినందుకే ఇప్పుడు ఎక్కువ బాధ.

ఆయన పోయిన ఏడాదికి సంవత్సరీకం పెట్టాం. భోజనాల దగ్గర మా బావమరిది ఏదో అడిగితే మళ్లీ అదే కథ ఎత్తుకున్నాను, ఖిల్లా, సైకిలు, సున్నం. అందరూ నవ్వారు. అమ్మ వడ్డిస్తున్నదల్లా గరిటె బొచ్చెలో వేసి లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం చుట్టాలు వెళ్లాక నన్ను పొయ్యి దగ్గరికి పిలిచింది.

"ఇగ ఆయనను అనకురా. ఆయన ఒద్దనే అన్నడు. దర్గాల ఉప్పేసినం, ఆగుదమన్నడు. నేనే, పోరన్ని బాగు చేయిస్తవా, నన్ను తల్లిగారింటికి పొమ్మంటవా అన్న. నేను రెండు దినాలు అన్నం ముట్టలే. గందుకు తీస్కపోయిండు."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే?" అన్నాను.

"ఆయనే చెప్పొద్దన్నడు. జరమొచ్చి నువ్వు నన్నొక్కదాన్నే పట్టుకొని పండుకున్నవు. పంపింది నువ్వని తెలిస్తె పోరడు ఇగ ఎవల దగ్గరికి పోతడే, ఒక్కలనన్న నమ్మనియ్యి, తప్పు నా మీదనే ఉండనియ్యి అన్నడు."

"అది చిన్నప్పటి మాట. నేను పెద్దగయినంక? ఆయన దవాఖానల ఉన్నప్పుడు?"

అమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది. "ఎట్ల చెప్పాల్రా. నువ్వు నా దిక్కుండుడు అలవాటైపోయింది."

సున్నం ముద్ద కన్నా ఆ మాట లోతుగా దిగింది. నన్ను మోసం చేశాడనుకున్న మనిషి నా కోసం నింద మోశాడు. నేను తల పెట్టుకున్న ఒడి, నన్ను పంపిన ఒడి. ఆమె నా చిన్నతనం నుంచి నా ప్రేమలో ఆయన వాటా కూడా తానే తీసుకుంది, ఆయన ఎదురుగానే తీసుకుంది, ఆయన చూస్తూ ఊరుకున్నాడు. అమ్మతో చాలాకాలం మనసిచ్చి మాట్లాడలేకపోయాను. అయినా కోడలి ముందు ఆమెను చిన్నబుచ్చడం చేతకాలేదు. ఎవరైనా మచ్చల గురించి అడిగితే నోటికి అలవాటైన కథే చెప్పాను. బాపు ఎలాగూ లేడు కదా, ఆయనకేం నష్టమనుకున్నాను. అమ్మ కూడా పోయి కొన్నేళ్లయింది. కథ మాత్రం అలాగే ఉండిపోయింది.

అమ్మను తప్పుపట్టడానికి కూడా ఇది రాయడం లేదు. పుట్టింటి ముందు తల దించుకోవాల్సి వస్తుందన్న భయం ఆ రోజుల్లో ఆడవాళ్లను ఎంత దూరం నడిపించేదో నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు. బాపు తప్పు కూడా లేకపోలేదు, ఖిల్లా చూపిస్తానన్న అబద్ధం ఆయనదే. కానీ ఇంట్లో ఆగుదామన్నది ఆయనొక్కడే. ఇవాళ డాక్టరు చెప్పేది కూడా అదే. ఈ మాట మా బిడ్డకు నిన్న ఫోనులో చెప్పాను. అది అంతా విని, "పాపకు నువ్వే చెప్పు నాన్నా" అని ఫోను ఇచ్చింది. చెప్పాను. ముత్తాత బ్యాడ్ కాదని ఎంతవరకు అర్థమైందో గాని, సరే అంది.

ఆదివారం నాటి వీడియో కాల్‌లోనే ఇంకో సంగతి చూశాను. పాప గోకకుండా మా అల్లుడు దాని గోళ్లు తీస్తున్నాడు. ఒక వేలికి కొంచెం చర్మం తెగింది. పాప గొల్లుమంది. అతను గోళ్లకత్తెర పక్కన పడేసి, "సారీ రా బంగారం, నాదే తప్పు, చూస్కోలే" అన్నాడు. అది కాసేపు మూతి ముడుచుకొని, తర్వాత వెళ్లి అతని వీపు మీదెక్కి ఊగింది. మా కాలంలో తండ్రులు పిల్లలకు ఆ మాట చెప్పేవాళ్లు కారు, పిల్లలం మేమూ అడిగేవాళ్లం కాదు. చెప్పకూడదని ఏ తండ్రికీ ఉండి ఉండదు, ఎలా చెప్పాలో తెలిసి ఉండదు. మా ఇంట్లో ఎవరో ఒకరు, ఆ ఎండాకాలంలో, ఒక్కసారి ఆ ఒక్క మాట అని ఉంటే నేనూ ఒక పూట అలిగి ఊరుకునేవాణ్ని. ఆ తర్వాత మా బాపుతో మాట్లాడుకోవడానికి నాకు ఎన్ని ఏళ్లు మిగిలేవో.