రోబో నెత్తిమీది డబ్బా

తిట్టి కొంప ముంచినవాళ్లను మీరు చాలామందినే చూసుంటారు. పొగిడి ముంచినవాణ్ణి చూడాలంటే మాత్రం నా దగ్గరికి రావాలి. ఇద్దరు ఆడపిల్లలు నాలుగు నెలలు చెమటోడ్చి కట్టిన యంత్రాన్ని నేను నాలుగే నిమిషాలు మెచ్చుకొని ముంచాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. బోధన్‌లో ఒక పాలిటెక్నిక్‌లో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. నా విద్యార్థినులు రిజ్వానా, లావణ్య కలిసి ఒక రోబోను తయారుచేశారు. లారీ వైపర్ మోటార్లు, రిజ్వానా వాళ్ల అబ్బా సైకిల్ షాపులోని పాత చైను, చెరకు ముక్కను పట్టుకునే రెండు వేళ్ల ఇనుప చెయ్యి. గంట మోగేలోపు ఆరు ముక్కలను గీత దాటించి పెట్టెలో వేస్తే నిజామాబాద్ పోటీలో గెలిచినట్టే. అందులో నా పాత్ర ఏమిటంటారా? బస్సు టికెట్లు తీశాను.

పోటీకి ముందు జడ్జిగారు బల్లల దగ్గరికి వచ్చి ఒక్కో రోబోను చూస్తున్నారు. మా వంతు రాగానే రిజ్వానా నోరు తెరిచింది. నేను అడ్డుపడ్డాను.

"నువ్వాగమ్మా, నేను చెబుతాను."

చైను గురించి చెప్పాను. చెయ్యి గురించి, పెళ్లిచూపుల్లో పిల్లను వర్ణించే మేనత్తలా చెప్పాను. జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకొని రోబో పైకి చూశారు. అక్కడ తళతళ మెరిసే స్టీలు డబ్బా ఉంది.

"ఇది ఎందుకండీ?"

ఎందుకో నాకేం తెలుసు? తెలియదనడం మా వంశంలో లేదు.

"దీని ప్రాణమంతా అదే సార్! చెయ్యి బరువెత్తినప్పుడు ముందుకు తూలకుండా వెనక బరువు."

"సార్..." అని లావణ్య గొణిగింది.

"ఆగమ్మా, పెద్దలు మాట్లాడుతుంటే!"

"లోపల ఏముంది?" అన్నారు జడ్జిగారు.

"అది పిల్లల రహస్యం సార్," అని కన్నుగీటాను.

ఆయన మురిసిపోయి కాగితంలో రాసుకున్నారు. "రాసిన భాగం ఏదీ పోటీ అయ్యేదాకా తీయకూడదు, నియమం," అని చెప్పి వెళ్లిపోయారు.

రిజ్వానా నావైపు తిరిగింది. "సార్, గా డబ్బా మా టిఫిన్‌ది."

"టిఫినా?"

"బగారా అన్నం, పప్పుచారు. బల్ల మీద జాగ లేక గక్కడ పెట్టినం."

"మరి ఆయన ముందే చెప్పొద్దా?"

"చెప్తే మిమ్ముల అబద్ధాలకోరు అంటరని ఊకున్నం సార్," అంది లావణ్య.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి దెబ్బకు రెండు కడుపులు మాడాయి. మధ్యాహ్నం రెండైంది. తమ అన్నం తమ కళ్లముందే ఊరేగుతుంటే ఆ పిల్లలిద్దరూ మీటలు నొక్కుతూ గుటకలు మింగారు. డబ్బా బరువుకు రోబో తొమ్మిదో నెల గర్భిణిలా నడిచింది. మూడో ముక్క దగ్గర మూత సందులోంచి పప్పుచారు కారడం మొదలైంది.

"అరే, ఆయిల్ లీకైతుంది!" అని ఎవరో అరిచారు.

"ఆయిల్ కాదు, పోపు వాసనొస్తుంది," అన్నారు ఇంకెవరో.

ఆరో ముక్క ఇంకా చేతిలో ఉండగానే గంట మోగింది. రెండో బహుమతి. డబ్బా లేకుంటే మొదటిదే వచ్చేదని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. అయినా రిజ్వానా డబ్బా విప్పి మొదటి ముద్ద నాకే పెట్టింది. "తినుండ్రి సార్. కలుపుడు సుత అక్కర్లేదు, మంచిగ కలిసింది." సిగ్గుతో మింగాను. రుచి మాత్రం అదిరింది!

మరుసటి ఏడు అదే పోటీకి వెళ్లాం. మూడు కాలేజీల రోబోల నెత్తిన స్టీలు డబ్బాలు! ఒకదానికైతే ఏకంగా మూడు గిన్నెల క్యారియరు. దాని పక్కన నిలబడ్డ లెక్చరరు నన్నెరుగడు. "వెనక బరువు సార్. పెద్ద టెక్నిక్," అని గంభీరంగా వివరించాడు.

గోదారమ్మ సాక్షిగా ఒట్టేసి చెబుతున్నాను: ఇక మీదట ఏ యంత్రాన్నయినా చేతులు కట్టుకొని చూస్తాను, నోరు కట్టుకొని మెచ్చుకుంటాను.